ట్రాక్టరు పొద్దున్నే ఎంతసేపు స్లోలో ఉంచాలి?

మంగళగిరి: తెల్లవారుజామున నిడమర్రు వెళ్లండి, కురగల్లు వెళ్లండి, నూతక్కి వెళ్లండి, ఒకటే చప్పుడు. డ్రైవరు ట్రాక్టరుకి సెల్ఫ్ కొడతాడు, స్లోలో పెడతాడు, టీ కొట్టుకి నడుస్తాడు. టీ తాగి, పేపరు తిరగేసి వచ్చేసరికి పావుగంట, ఒక్కోసారి అరగంట. అంతసేపూ బండి ఇంటి ముందు గుర్రుమంటూనే ఉంటుంది. ఎందుకయ్యా అంటే, ‘ఇంజను వేడెక్కాలి కదండీ, చల్లటి బండి తోలితే బోరు పోద్ది’ అంటాడు.

ఈ మాటలో సగం నిజముంది. ఆ సగం నిజమే రైతు జేబుకి చిల్లు పెడుతోంది.

లెక్క చూద్దాం. నలభై హెచ్‌పీ ట్రాక్టరు పని లేకుండా స్లోలో తిరిగితే గంటకి ఇంచుమించు లీటరు డీజిలు తాగుతుంది. రోజూ పావుగంట అంటే పావు లీటరు. ఏడాదిలో రెండు వందల రోజులు బండి తీశామనుకుంటే యాభై లీటర్లు. లీటరు వంద రూపాయల దరిదాపుల్లో ఉన్న రోజుల్లో ఇది అయిదు వేల మాట. మన కొండ మీద పానకాల స్వామి పోసిన పానకంలో సగం తాగి సగం భక్తుడికి వదిలేస్తాడు. స్లోలో ఉన్న ఇంజను అలా కాదు, పోసిందంతా తాగి ఒక్క సాలు కూడా దున్నదు.

డీజిలు పోతే పోయింది, ఇంజనన్నా బాగుంటుందా అంటే, అదీ లేదు. మన వాతావరణంలో ట్రాక్టరుని స్టార్ట్ చేశాక అర నిమిషం నుంచి రెండు నిమిషాలు ఆగితే చాలు. ఆ తర్వాత బరువు లేకుండా నెమ్మదిగా తోలుతూ వేడెక్కించాలి. నిలబెట్టి వేడెక్కించటం వల్ల లాభం లేకపోగా ఇంజనుకి చెరుపు జరుగుతుంది. అదెలాగో చూద్దాం.

లోపల జరిగేది ఇదీ

రాత్రంతా బండి ఆగి ఉంటే ఇంజను ఆయిలంతా కిందికి దిగి ఛాంబరులో చేరుతుంది. పైన లైనర్ల గోడలకీ, బేరింగులకీ సన్నటి పొర మాత్రమే మిగులుతుంది. సెల్ఫ్ కొట్టగానే ఆయిలు పంపు తిరిగి కిందున్న ఆయిలుని మళ్లీ పైకి తోడుతుంది. ఇందుకు కొన్ని సెకన్లు పడుతుంది. ఇంజను అరుగుదలలో పెద్ద భాగం ఈ స్టార్టింగు వేళ, ఆ తర్వాత చల్లగా తిరిగే మొదటి నిమిషాల్లోనే జరుగుతుంది. మీటరు బోర్డు మీద ఆయిలు ప్రెషరు ముల్లు పైకి లేచిందంటే, లేదా ఎర్ర దీపం ఆరిందంటే, ఆయిలు చేరాల్సిన చోటికి చేరిందని అర్థం. దానికోసం ఆగాల్సిందే. కానీ అది అర నిమిషం పని, అరగంట పని కాదు.

ఇక వేడి సంగతి. పిస్టను అల్యూమినియంతో చేస్తారు, లైనరు పోత ఇనుముది. వేడికి రెండూ ఒకే తీరున వ్యాకోచించవు. రెండింటి మధ్య ఉండాల్సిన సందు ఇంజను వేడిగా ఉన్నప్పటికి సరిపోయేటట్టు పెడతారు. చల్లగా ఉన్నప్పుడు ఆ సందు ఎక్కువగా ఉంటుంది. కాబట్టి ఇంజను ఎంత త్వరగా వేడెక్కితే అంత మంచిది. అక్కడిదాకా మన డ్రైవరు చెప్పింది సరైనదే.

తప్పంతా వేడెక్కించే పద్ధతిలో ఉంది. డీజిలు ఇంజను స్లోలో తిరిగేటప్పుడు చాలా కొద్ది డీజిలే మండుతుంది. కొద్దిగా మండితే పుట్టే వేడీ కొద్దే. పైగా ముందు ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. తడి పుల్లలు పెట్టి పొయ్యి రాజేసినట్టు, మంట రాదు, పొగ మాత్రం వస్తుంది. పావుగంట స్లోలో ఉంచినా నీళ్ల వేడి ముల్లు పచ్చ గీతకి చేరని బండ్లు ఎన్నో. అదే బండిని ఖాళీగా రెండో గేరులోనో మూడో గేరులోనో పొలం దాకా తోలితే అంతకన్నా తక్కువ సేపట్లో ముల్లు లేస్తుంది.

సరిగ్గా మండని డీజిలు ఏమవుతుంది? కొంత తెల్లటి పొగగా సైలెన్సరు నుంచి పోతుంది. కొంత బొగ్గులాగా నాజిళ్ల మూతుల దగ్గర, వాల్వుల మీద, రింగుల గాడుల్లో పేరుకుంటుంది. మిగతాది లైనరు గోడల వెంట జారి, రింగులు దాటి, ఛాంబరులోని ఆయిల్లో కలుస్తుంది. డీజిలు కలిసిన ఆయిలు పలచబడుతుంది. అరుగుదలని ఆపాల్సిన ఆయిలే చేవ తగ్గిపోతుంది. రోజూ ఆయిలు పుల్ల తీసి చూసేవాళ్లకి ఒక గుర్తు చెబుతాను. పోయకుండానే ఆయిలు మట్టం పెరిగినా, పుల్ల మీది ఆయిలు డీజిలు వాసన కొట్టినా సంతోషపడకండి. ఆ రోజే మెకానిక్కుకి చూపించండి. నాజిలు కారుతున్నా, పంపు సీలు పోయినా, ఇలా స్లోలో ఎక్కువసేపు తిప్పినా వచ్చే లక్షణమది.

ఇంకో చిక్కుంది. పాత పద్ధతి గంటల మీటర్లు ఇంజను చుట్లని బట్టి తిరుగుతాయి. పూర్తి స్పీడులో తోలినప్పుడే అందులో గంటకి గంట పడుతుంది. స్లోలో గంట తిరిగితే మీటరులో గంట పడదు. ఆయిలు పాడవుతూ ఉంటుంది, మీటరు మాత్రం ఇంకా టైముంది అంటుంది. మీటరు చూసి ఆయిలు మార్చే రైతు ఇక్కడ మోసపోతాడు.

ఈ అలవాటు ఎక్కడిది?

మన డ్రైవర్లు ఊరికే చేయట్లేదు. ఎక్కడో చూసి నేర్చుకున్నదే. గుంటూరు మిర్చి యార్డు దగ్గర తెల్లవారుజామున లారీలు చూడండి. స్టార్ట్ చేసి కాసేపు నిలబెడతారు. అది ఇంజను కోసం అనుకుంటాం. ముఖ్యంగా అది బ్రేకుల కోసం. లారీలకి గాలి బ్రేకులు. రాత్రి ఆగిన బండి ట్యాంకుల్లో గాలి తగ్గి ఉంటుంది. ఇంజను తిరిగి గాలి నిండేదాకా బండి కదపకూడదు. లారీ మీద క్లీనరుగా పనిచేసి ఊరొచ్చి ట్రాక్టరెక్కిన కుర్రవాడు ఆ అలవాటునీ వెంట తెచ్చుకుంటాడు. మన ట్రాక్టరుకి గాలి బ్రేకులు ఎక్కడున్నాయి?

రెండోది కార్ల నుంచి వచ్చింది. పాత అంబాసిడర్లు, ఫియట్లు, మొదటి మారుతీలు కార్బొరేటరు బండ్లు. చల్లగా ఉంటే పెట్రోలు సరిగా ఆవిరి కాదు, చోకు లాగి కాసేపు తిప్పకపోతే నడిరోడ్డు మీద ఆగిపోయేవి. ఇప్పుడొచ్చే కార్లలో పెట్రోలు ఎంత పోయాలో కంప్యూటరు చూసుకుంటుంది. అమెరికా ప్రభుత్వ ఇంధన శాఖ అక్కడి కార్ల వాళ్లకి చెప్పే మాట కూడా ఇదే: స్టార్ట్ చేశాక ముప్ఫై సెకన్లు ఆగి, మొదట నెమ్మదిగా తోలుకుంటూ పోండి అని. మంచు కురిసే దేశంలోనే ముప్ఫై సెకన్లయితే, మంగళగిరిలో అరగంట ఎందుకో ఆలోచించండి.

మూడోది చలి. సున్నాకి ఇరవై, ముప్ఫై డిగ్రీలు దిగువన ఉండే కెనడా లాంటి చోట్ల రాత్రంతా ఇంజనుకి కరెంటు హీటరు తగిలించి ఉంచుతారు. అక్కడి ఆయిలు తేనెలా చిక్కబడుతుంది, వాళ్ల అవసరం వేరు. మన గుంటూరు వైపు డిసెంబరు, జనవరి తెల్లవారుజామునైనా మామూలుగా 16 నుంచి 20 డిగ్రీల మధ్యే ఉంటుంది. లంబసింగి వాళ్లు ఒక నిమిషం ఎక్కువ ఆగితే ఆగనివ్వండి, మనకి ఆ అవసరం లేదు. ఎండాకాలంలో అయితే బండి రాత్రి కూడా పూర్తిగా చల్లారదు.

ఆయిలు కూడా మారింది. వెనక వాడిన ఒకే నంబరు ఆయిలు, అంటే ఉత్త 40 నంబరుది, చల్లగా ఉన్నప్పుడు చిక్కగా ఉండి పైకి పాకటానికి ఆలస్యమయ్యేది. ఇప్పుడు ఎక్కువ బండ్లకి వాడే 15డబ్ల్యు-40 డబ్బా మీద రెండు నంబర్లు ఉంటాయి. మొదటిది చలిలో ఎలా పారుతుందో చెప్పేది, రెండోది వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో చెప్పేది. మీ బండికి ఏది పోయాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. కొట్టువాడు ఇచ్చింది కాకుండా పుస్తకంలో ఉన్నది అడిగి తీసుకోండి.

ఇలా చేస్తే మేలు

స్టార్ట్ చేసి నిలబెట్టే అయిదు నిమిషాలు స్టార్ట్ చేయకముందే ఖర్చు పెట్టండి. ఆయిలు పుల్ల చూడండి, రేడియేటరులో నీళ్లు చూడండి, డీజిలు ఫిల్టరు కింద నీరు చేరిందేమో చూడండి, ఫ్యాను బెల్టు నొక్కి చూడండి. ఇవన్నీ ఇంజను ఆగి, చల్లగా ఉన్నప్పుడే సరిగా తెలుస్తాయి.

తర్వాత గేరు న్యూట్రల్‌లో ఉందని చూసుకుని, క్లచ్చి తొక్కి సెల్ఫ్ కొట్టండి. అంటుకోగానే రైజింగు ఇవ్వకండి. చాలామంది చేసే పాడు పని ఇదే. ఇంకా పైకి ఆయిలే చేరలేదు, ఈయన మాత్రం నాలుగుసార్లు బుర్రుబుర్రుమనిపించి వీధంతా లేపుతాడు. పావుగంట స్లోలో ఉంచటం కన్నా ఈ నాలుగు రైజింగులు ఎక్కువ చేటు. చేతి ఆక్సిలరేటరుని చుట్ల మీటరు 1000 దగ్గర ఉండేట్టు పెట్టి, ఆయిలు ప్రెషరు వచ్చాక నిమిషం, చలికాలమైతే రెండు నిమిషాలు ఆగి, బండి కదిలించండి. పొలం దాకా నెమ్మదిగా తోలండి. చేలో దిగాక మొదటి రెండు సాళ్లు గొర్రు తేలిగ్గా దించి తోలి, ఆ తర్వాత పూర్తి లోతుకి దింపండి. రొటావేటరు కూడా అంతే. మధ్య చుట్లలో కలిపి, తర్వాత స్పీడు పెంచాలి.

మిర్చి సీజన్లో ఒక తిప్పలుంది. సాయంత్రమే టిక్కీలు ట్రక్కుకెత్తి, తాళ్లు బిగించి, రాత్రి రెండింటికో మూడింటికో యార్డుకి బయల్దేరతారు. ఖాళీగా తోలి వేడెక్కించే వీలు ఉండదు, మొదటి అడుగు నుంచే బరువు. అప్పుడు మూడు నిమిషాలు ఆగినా తప్పులేదు. స్లోలో కాకుండా 1000, 1200 చుట్ల మధ్య పెట్టి ఆగండి. మొదటి కిలోమీటరు చిన్న గేర్లలోనే లాగి, వేడి ముల్లు లేచాక పెద్ద గేరుకి మారండి. మెరక మీద పెద్ద గేరులో ఇంజను గింజుకునేట్టు లాగించటం చల్లటి ఇంజనుకి మంచిది కాదు. నల్లటి పొగ కక్కిందంటే ఓర్చుకోలేకపోతోందని తెలుసుకోవాలి. తెల్లటి పొగ చల్లగా ఉన్నప్పుడు వచ్చి కాసేపటికి పోతే భయం లేదు. నీలం పొగ వస్తే ఆయిలు మండుతోందన్నమాట, రింగులు చూపించుకోవాలి.

యార్డు గేటు దగ్గర, పత్తి కొనే కేంద్రాల దగ్గర గంటలకొద్దీ వరసలో బండి ఆపకుండా ఉంచేవాళ్లు ఇంకోరకం. అడిగితే చాలామంది ఒప్పుకోరుగానీ అసలు సంగతి బ్యాటరీ. ఆపితే మళ్లీ అంటుకోదని భయం. ఆ గంటల డీజిలు కూడబెట్టినా కొంతకాలానికి కొత్త బ్యాటరీ వస్తుంది. బ్యాటరీ, సెల్ఫ్ మోటారు బాగుచేయించుకుని వరసలో బండి ఆపమనే పెట్రోలియం సంరక్షణ సంస్థ రైతులకి చెబుతుంది.

సొంత ట్రాక్టరు లేని సన్నకారు రైతుకీ ఇందులో వాటా ఉంది. గంట లెక్కన బాడుగ మాట్లాడుకుంటే, గంట ఎప్పటి నుంచి మొదలో ముందే తేల్చుకోండి. గొర్రు నేలలో దిగినప్పటి నుంచి లెక్కవేయటం న్యాయం. డీజిలు మీది, బండి వాళ్లది అనే ఒప్పందమైతే మరీ చూసుకోవాలి. గట్టు మీద బండి గుర్రుమంటుంటే డ్రైవరు భోజనం చేస్తున్నాడంటే, ఆ భోజనం ఖర్చు మీదే.

ఆయిలింజనుకి చన్నీళ్లు పోయొద్దు

ట్రాక్టరు కన్నా మన చిన్న రైతులకి దగ్గరది కాలవ కట్ట మీది ఆయిలింజను. నా చిన్నతనంలో మా ఇంట్లో అయిదు హెచ్‌పీది ఒకటి ఉండేది. మా నాన్న పైన లివరు ఎత్తి, హ్యాండిలు తిప్పి, ఊపందుకోగానే లివరు వదిలేవాడు. ఆ తర్వాత ఒక బీడీ కాల్చేదాకా ఇంజనుకి పని చెప్పేవాడు కాదు. అంత జాగ్రత్త మనిషి. అయినా ఆ ఇంజను డీజిలు విపరీతంగా తాగేది, గొట్టం చివర నల్లటి జిడ్డు కారేది. రెండేళ్లకే రింగులు పోయాయి. ఆ ఏడు మిరపలో మిగిలింది ఇంజను పనికే సరిపోయింది.

విప్పటానికి వచ్చిన మేస్త్రీ ముందు ఇంజను నడిపించి, చల్లార్చే నీళ్లు బయటికి పడే చోట చెయ్యి పెట్టాడు. కాలవ నీళ్లంత చల్లగా ఉన్నాయి. అదీ జబ్బు. పంపు నుంచి సన్నటి గొట్టం ద్వారా ఇంజనులోకి నీళ్లు వెళ్లి, వేడి తీసుకుని బయటపడతాయి. నీళ్లు ఎంత ఎక్కువ వెళ్తే ఇంజను అంత చల్లగా, అంత పదిలంగా ఉంటుందని మా నాన్న కుళాయి పూర్తిగా తిప్పి ఉంచేవాడు. బీడీ కాల్చేంతసేపు వేడెక్కించిన ఇంజనుని ఆ తర్వాత రోజంతా చన్నీళ్లలో ముంచి ఉంచినట్టయింది. మేస్త్రీ కొత్త రింగులు వేశాక కుళాయిని సగానికి పైగా కట్టేసి, బయటపడే నీళ్లు చేతికి చురుక్కుమనేదాకా సర్దాడు. పొగ తేలిపోయింది. మీ ఇంజను దగ్గర రేపు పొద్దున్నే ఈ ఒక్క పరీక్ష చేయండి. నడిచిన పావుగంట తర్వాత బయటికొచ్చే నీళ్లు గోరువెచ్చగా కూడా లేకపోతే కుళాయి కొద్దికొద్దిగా కట్టాలి. మరిగి ఆవిరి వస్తే మాత్రం వెంటనే తెరవాలి.

ట్రాక్టర్లలోనూ ఇలాంటి తప్పే జరుగుతోంది. ఇంజనులో థర్మోస్టాట్ వాల్వు ఒకటుంటుంది. నీళ్లు తగినంత వేడెక్కేదాకా వాటిని రేడియేటరులోకి పోనివ్వకుండా అడ్డుకోవటం దాని పని. ‘మన ఎండలకి ఇదెందుకండీ’ అని కొందరు మెకానిక్కులు పీకి పారేస్తారు. తీసేస్తే నీళ్లు మొదటి నిమిషం నుంచే రేడియేటరులో తిరిగి చల్లబడతాయి, ఇంజను వేడెక్కటానికి చాలా ఆలస్యమవుతుంది. అలాంటి బండిని అరగంట స్లోలో ఉంచినా ప్రయోజనం ఉండదు. వాల్వు పాడైతే కొత్తది వేయించుకోవాలేగానీ తీసేయించుకోకూడదు.

తైవాన్ పంపు, ఎక్సెల్ బండి

పత్తికీ మిరపకీ మందు కొట్టే పెట్రోలు స్ప్రేయర్లకి ఇప్పటికీ ఎక్కువగా కార్బొరేటరే. వీటికి చోకు కావాలి. చల్లగా ఉన్నప్పుడు చోకు మూసి తాడు లాగి, అంటుకున్నాక కొద్దికొద్దిగా తెరిచి, అర నిమిషం తిప్పి భుజానికెత్తుకోవాలి. చోకు తెరవటం మరిచిపోయి మందు కొడితే పెట్రోలు ఎక్కువై ప్లగ్గు నల్లబడుతుంది, మధ్య చేలో ఆగుతుంది. టీవీఎస్ ఎక్సెల్ మోపెడ్లలో పాతవాటికి ఇదే పద్ధతి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త ఎక్సెల్ బండ్లకి కార్బొరేటరు తీసేసి ఇంజెక్షను పెట్టారు. వాటికి నిలబెట్టి తిప్పాల్సిన పనిలేదు.

ఆపేటప్పుడు మాత్రం ఆగండి

స్లోలో ఉంచాల్సిన వేళ ఒకటుంది. అది పొద్దున కాదు, పని అయ్యాక. టర్బో ఉన్న ఇంజను బరువు లాగి వచ్చాక టక్కున ఆపితే, అప్పటిదాకా మహా వేగంగా తిరిగిన టర్బోకి ఆయిలు సరఫరా ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆ వేడికి అక్కడున్న ఆయిలు మాడి గట్టిపడుతుంది. రెండు మూడు నిమిషాలు స్లోలో తిప్పి అప్పుడు ఆపాలి. టర్బో లేని బండినైనా బరువు పని అయిన వెంటనే ఆపకుండా నిమిషం ఆగటం మంచిదే. మీ బండికి టర్బో ఉందో లేదో తెలియకపోతే పుస్తకం చూడండి, లేదా మెకానిక్కుని అడగండి. ఇలాంటివన్నీ పద్ధతిగా నేర్చుకోవాలనుకునే కుర్రవాళ్లకి అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది.

ఇంకొక్క మాట, ఇది డీజిలు గురించి కాదు. బండిని స్టార్ట్ చేసి వదిలేసి టీకి వెళ్లినప్పుడు దాని చుట్టూ పిల్లలు ఉంటారు. ఎక్కి గేరు కదిపితే బండి కదులుతుంది. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను తిప్పితే పొగలోని విషవాయువు, వాసన కూడా లేకుండా, మనిషిని పడగొడుతుంది. షెడ్డులో స్టార్ట్ చేసిన బండిని వెంటనే బయటికి తీయండి. ఇంజను తిరుగుతున్నంతసేపు సీటులో మనిషి ఉండాలి. సీటు దిగేటట్టయితే ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని దిగండి.